సొంత వెబ్‌సైటు ఉందా? చూపు లేనివాళ్లకీ అందేలా, చదివినవాళ్ల గుట్టు దాటిపోకుండా సర్దుకోవడం ఇలా

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ మా బావకి నా వెబ్‌సైటు లింకు పంపాను. పానగల్లు గుళ్లు, ఉదయసముద్రం కట్ట, మా ఊరి పాత బావులు, నాలుగేళ్లుగా రాసుకున్నవన్నీ అందులో ఉన్నాయి. బావకి చూపు లేదు. ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని నాకంటే వేగంగా వాడతాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు విన్నాడు, బల్ల మీద పెట్టాడు. "బామ్మర్దీ, ఇమేజ్ అంటది, బటన్ అంటది, మళ్లొక్కసారి ఇమేజ్ అంటది. నువ్వు రాసింది ఏడుంది?" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని సైటు మొత్తం విప్పి చూశాను. బావకి అడ్డం పడుతున్నవాటిలో సగం నేను రాసినవే కావు, ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అతికించినవి: మ్యాపు, వీడియో, షేర్ బటన్లు, విజిటర్ కౌంటర్. వచ్చినవాళ్ల వివరాలు బయటికి మోస్తున్నవి కూడా సరిగ్గా అవే. అందుకే ఈ రెండు పనుల్నీ కలిపి చెబుతున్నాను. ఇందులో కొత్తగా చేర్చేది తక్కువ, పీకేసేది ఎక్కువ. రెండు ఆదివారాలు కేటాయిస్తే చాలు. పెద్ద కోడింగ్ అక్కర్లేదు, టెంప్లేటు తెరిచి ఒక లైను మార్చగలిగితే సరిపోతుంది.

మెట్టు 1: ముందు మీ సైటు మీరే చెవులతో చదవండి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టాక్‌బ్యాక్ ఉంటుంది. ఆన్ చేసే ముందు ఆఫ్ చేయడం నేర్చుకోండి, ఎందుకంటే అది ఆన్ అయ్యాక ఒక్క నొక్కుతో ఏదీ తెరుచుకోదు, కొత్తవాళ్లు టెన్షన్‌తో ఫోన్ అంతా గెలికి ఇంకా ఇరుక్కుపోతారు. వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కొన్ని సెకన్లు పట్టుకుంటే ఆగిపోయేలా షార్ట్‌కట్ ముందే పెట్టుకోండి. తర్వాత సంగతి తేలికే. వేలితో కుడివైపుకి జరిపితే తర్వాతి ముక్క చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది.

ఇప్పుడు కళ్లు మూసుకుని మీ సైటులో ఒక వ్యాసం వెతికి పట్టుకోండి. చూడకుండా. నాకు ఏడు నిమిషాలు పట్టింది, అదీ నేను కట్టిన సైటులో.

విండోస్ కంప్యూటర్ ఉంటే, తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ దించుకోండి, ఉచితం. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన పని అది. అందులో హెచ్ నొక్కితే ఒక హెడ్డింగు నుంచి ఇంకో హెడ్డింగుకి దూకుతుంది. మీ పేజీలో దూకడానికి ఏమీ దొరక్కపోతే దానర్థం మీరు హెడ్డింగులు పెట్టలేదని, ఊరికే అక్షరాలు లావు చేసి, సైజు పెంచి వదిలేశారని. కంటికి రెండూ ఒకటే, చెవికి కాదు. వ్యాసం పేరుకి మొదటి స్థాయి హెడ్డింగు, లోపలి భాగాలకి రెండో స్థాయి, అంతే.

ఇంకొక్క పరీక్ష. మౌసు పక్కన పెట్టి ట్యాబ్ కీ ఒక్కదానితో పేజీ అంతా తిరగండి. మీరిప్పుడు ఏ లింకు మీద ఉన్నారో చూపే గీత కనబడాలి. చాలా టెంప్లేట్లలో ఆ గీత అందంగా లేదని తీసేస్తారు. నా దాంట్లోనూ తీసేసి ఉంది. తిరిగి పెట్టండి, ఇంకొంచెం మందంగా పెట్టినా నష్టం లేదు.

మెట్టు 2: తెలుగు మిషన్‌కి కూడా తెలుగులా ఉండాలి

ఈ మెట్టు మనకే ప్రత్యేకం, ఇందులో చాలావరకు ఇంగ్లిష్‌లో వచ్చే గైడ్లలో దొరకదు.

పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ అనే ట్యాగు ఉంటుంది. దానిలో లాంగ్ (lang) అనే చోట ఏముందో చూడండి. రెడీమేడ్ టెంప్లేటు అయితే ఇంగ్లిష్‌ని సూచించే ఈ, ఎన్ (en) అని ఉంటుంది. దాన్ని తెలుగుని సూచించే టీ, ఈ (te) అని మార్చండి. ఈ రెండక్షరాలు తప్పుంటే చదివే సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోయి మాటల్ని మింగేస్తుంది. మధ్యలో ఇంగ్లిష్ పేరా ఏదైనా ఉంటే దానికి మాత్రం విడిగా ఈ, ఎన్ అని పెట్టండి.

రెండోది అను ఫాంట్ల గొడవ. ప్రెస్సుల్లో, డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేస్తారు. చూడటానికి చక్కటి తెలుగే, కానీ లోపల ఉన్నవి అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ తెలుగు బొమ్మలు తొడిగిన వేషం. మా నాన్న రాసుకున్న ఊరి చరిత్ర నలభై పేజీలు ఒక షాపులో టైపు చేయించి, ఆ ఫైలు నుంచి నేరుగా సైటులోకి అతికించాను. ఫాంటు ఉన్న నా కంప్యూటర్‌లో బాగానే ఉంది. బావ ఫోన్‌లో మాత్రం డాలర్, కామా, ఎస్, బ్రాకెట్ అంటూ మంత్రాలు చదివింది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒకసారి మొత్తం కళ్లతో చదవండి, వత్తులూ అంకెలూ అక్కడక్కడా తారుమారవుతాయి.

మూడోది పోస్టర్లు. పండగ శుభాకాంక్షలు, సభ ఆహ్వానం, సంతాపం, మనవాళ్లు ఏదైనా ఫొటో మీద అక్షరాలేసి పెడతారు. ఆ అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా అందవు, వెతికితే దొరకవు, పెద్దవి చేస్తే అలుక్కుపోతాయి. పోస్టర్ పెట్టుకోండి, వద్దనను, కానీ అదే విషయాన్ని కింద మామూలు అక్షరాల్లో కూడా టైపు చేయండి. వీడియో పెట్టినా ఇదే పద్ధతి, అందులో ఏం మాట్లాడారో కింద రాస్తే వినబడనివాళ్లకి కూడా అందుతుంది.

ఇక కంటితో చదివేవాళ్ల కోసం. తెలుగులో పైన గుడి, కింద వత్తు, రెండూ ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కొలతతో పెట్టిన లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. లైను ఎత్తు అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు తెలుగుకి వాడొద్దు, మాట ముక్కలైపోతుంది. వాలు అక్షరాలు కూడా మన లిపికి నప్పవు. టెంప్లేటులో జూమ్ చేయకుండా కట్టేసే లైను ఒకటి ఉంటే తీసేయండి. యాభై దాటినవాళ్లు ఫోన్‌లో మొదట చేసే పని రెండు వేళ్లతో పెద్దది చేసుకోవడమే, దాన్ని ఆపే హక్కు మనకెక్కడిది?

మెట్టు 3: ఫొటో, చెప్పాల్సింది ఒకటి, దాచాల్సింది ఒకటి

ప్రతి ఫొటోకీ ఆల్ట్ అనే ఒక చోటు ఉంటుంది. చూడలేనివాళ్లకి ఆ ఫొటో బదులు వినిపించే వాక్యం అక్కడ రాయాలి. అసలు పెట్టకుండా వదిలితే పర్వాలేదనుకోవద్దు. ఆల్ట్ అన్నదే లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఐఎంజి 2023 అంటూ ఫైలు పేరంతా చదువుతాయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫొటోకి నేను మొదట "గుడి ఫొటో" అని రాశాను. సిగ్గనిపించి రెండోసారి కందూరు చోళులు, త్రికూటాలయం, శిల్పాలు, అన్నీ కలిపి ఎనిమిది లైన్లు దంచాను. అంతా విని బావ, "ఇదంతా కింద వ్యాసంలనే ఉంది గదా, ఫొటోల ఏమున్నది చెప్పు" అన్నాడు. గర్భగుడిలో శివలింగం మీదుగా నిలువుగా ఒక స్తంభం నీడ ఉందన్నాను. "పొద్దు తిరిగితే నీడ ఎటు పోతది?" ఎటూ పోదు బావా, పొద్దంతా అక్కడే ఉంటది, అదే దాని వింత. "మరి గదే రాయి."

అలా చివరికి ఇది నిలిచింది: "ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో శివలింగం మీదుగా నిలువుగా పడ్డ స్తంభం నీడ. ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలని నీడ ఇదే." ఆ ఫొటో అక్కడ ఎందుకు పెట్టారో అది రాయండి. రెండు వాక్యాలు దాటాల్సిన పని చాలా అరుదు. పేజీకి అందం కోసం పెట్టిన పూలతీగ, గీత లాంటివాటికి ఆల్ట్ ఉంచి లోపల ఖాళీగా వదలండి, అప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని దాటేస్తుంది.

ఇప్పుడు దాచాల్సింది. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం, ఫోన్ మోడల్ లోపల కూర్చుని ఉంటాయి. దీన్ని ఎగ్జిఫ్ అంటారు. మా అమ్మ తులసికోట దగ్గర నిలబడ్డ ఫొటో పెట్టానంటే మా ఇంటి దారి పెట్టినట్టే. పాఠకులు మీకు పంపిన ఫొటోలకి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి, వాళ్లకి ఆ సంగతే తెలియదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటాయి. కంప్యూటర్‌లో అయితే ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం మొత్తం ఫోల్డర్‌ని ఒక్క దెబ్బకి శుభ్రం చేస్తుంది. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లో, డీటెయిల్స్ అనే చోట కూడా తీసేయొచ్చు.

మెట్టు 4: రంగులు, వేళ్లు

వెబ్ యాక్సెసిబిలిటీకి ప్రపంచమంతా పాటించే నియమావళి డబ్ల్యూసీఏజీ. 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలంటుంది. తెల్లటి పేజీ మీద, కోడ్‌లో 777 అని రాసే బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, 767676 అయితే గట్టెక్కుతుంది. కాంట్రాస్ట్ చెకర్ అని వెతికితే లెక్కగట్టే పేజీలు బోలెడు. నేనైతే మే నెల మధ్యాహ్నం డాబా మీదికెళ్లి ఫోన్ తెరిచి చూస్తాను. అక్కడ చదవగలిగితే ఎక్కడైనా చదవొచ్చు.

వేళ్ల సంగతి మన జిల్లావాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వంగని వేలితో చిటికెన గోరంత బటన్‌ని నొక్కమంటే పక్కదే పడుతుంది. నియమం ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెల్స్ చదరం ఉంటే చాలు. నేను 44 పెట్టాను, పక్కపక్క లింకుల మధ్య ఎడం కూడా ఇచ్చాను.

మెట్టు 5: ఎఫ్12 నొక్కి మీ ఇంట్లోకి ఎవరెవరు వస్తున్నారో చూడండి

కంప్యూటర్ బ్రౌజర్‌లో మీ సైటు తెరిచి ఎఫ్12 నొక్కండి, నెట్‌వర్క్ అనే ట్యాబులోకి వెళ్లి పేజీని మళ్లీ లోడ్ చేయండి. పేజీ తెరుచుకోవడానికి ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెచ్చుకుంటుందో వరసగా కనిపిస్తుంది. మీ సైటు పేరు కాకుండా వేరే పేరు కనబడ్డ ప్రతిచోటుకీ చదివేవాళ్ల ఐపీ అడ్రసు (నెట్‌లో వాళ్ల కనెక్షన్‌కి ఉండే చిరునామా నంబరు), చాలాసార్లు ఏ సైటు చదువుతున్నారనేది కూడా వెళ్లిపోతోందని అర్థం. నా మొదటి పేజీ తొమ్మిది చోట్లకి వెళ్తోంది. గుడి గురించి రెండు పేరాలు చదవడానికి తొమ్మిది మందికి కబురు!

ఒక్కొక్కటీ ఇలా తెంపాను.

ఫాంట్లు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. చాలామంది లింకు పెట్టి అక్కడి నుంచే తెప్పిస్తారు. దానివల్ల వచ్చిన ప్రతివాళ్ల ఐపీ అడ్రసు గూగుల్‌కి వెళుతుంది. 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు సరిగ్గా ఈ కారణానికే ఒక సైటు యజమాని చేత 100 యూరోలు పరిహారం ఇప్పించింది. ఫాంటు ఫైలు దించుకుని మీ సైటులోనే పెట్టుకోండి, లైసెన్సు ఒప్పుకుంటుంది. డబ్ల్యూఓఎఫ్ఎఫ్2 అనే రకం ఫైలు పెడితే బరువు తగ్గుతుంది.

వీడియో. పేజీలో యూట్యూబ్ పెట్టె అతికిస్తే, ఎవరూ ప్లే నొక్కకపోయినా అది గూగుల్‌తో మాట్లాడేస్తుంది. యూట్యూబ్-నోకుకీ అనే అడ్రసు వాడితే కొంత నయం, కానీ కబురు వెళ్లడం ఆగదు. నేను వీడియో నుంచి ఒక బొమ్మ తీసి సైటులో పెట్టుకుని, కింద "ఈ వీడియో యూట్యూబ్‌లో చూడండి, 6 నిమిషాలు" అని మామూలు లింకు ఇచ్చాను. బావకీ అదే సుఖం, ఆ పెట్టెలోని అరడజను బటన్లు దాటుకుంటూ పోయే బాధ తప్పింది.

మ్యాపు. తీసేసి దారి మాటల్లో రాశాను: బస్టాండు నుంచి పానగల్లు వైపు, ఎడమ, కుడి, ఎంత దూరం. మ్యాపు చూడలేనివాళ్లకి పనికొచ్చేది అదే.

షేర్ బటన్లు, లైక్ డబ్బాలు పీకేయండి, వివరణ అనవసరం. లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టడం రానివాళ్లు మనలో ఎవరూ లేరు.

ఇవన్నీ పోయాక పేజీ బరువు కూడా దిగింది. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి పోతుంటే సిగ్నల్ పుల్లలు ఒక్కొక్కటే రాలిపోతాయి కదా, చివరి పుల్ల మీద కూడా ఇప్పుడు వ్యాసం తెరుచుకుంటోంది.

మెట్టు 6: లెక్కల పిచ్చి వదిలించుకోవడం

ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఇక్కడ తీసేయాల్సింది మన సరదాని.

ఈరోజు ఎంతమంది వచ్చారు, ఏ ఊరి నుంచి, ఎంతసేపున్నారు అని రోజుకి పదిసార్లు చూసుకునేవాణ్ని. పెద్ద పత్రికల సైటుకి లక్షల్లో వస్తారు కాబట్టి ఒక మనిషి ఆ గుంపులో కలిసిపోతాడు. నా సైటుకి రోజుకి వచ్చేది ఇరవై మంది. ఒక రాత్రి షోలాపూర్ నుంచి ఎవరో, పన్నెండున్నరకి, మా చిన్నాయన మందు మానిన కథ రాసిన పేజీని మూడుసార్లు తెరిచారు. షోలాపూర్‌లో నా సైటు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. చిన్నప్పటి దోస్తు, మగ్గాల పనికి పోయినవాడు. వాడింట్లో ఏం జరుగుతోందో వాడు నాకు చెప్పలేదు, చెప్పాలనుకోలేదు, కానీ నాకు తెలిసిపోయింది. పేరు లేని లెక్కలే కదా ఏముంది అంటారు చూడండి, చిన్న సైటులో పేరు అక్కర్లేదు.

ఆ రాత్రే కౌంటర్ తీసేశాను.

మీకు లెక్క కావాల్సిందే అంటే, కుకీలు (వచ్చినవాళ్లని మళ్లీ గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో వదిలే చీటీలు) పెట్టని గోట్‌కౌంటర్, ప్లాజిబుల్ లాంటివి ఉన్నాయి. కొంచెం ఓపికుంటే మటోమో మీ సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. ఊరి వివరం, ఫోన్ వివరం ఆపేసి, ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారన్న ఒక్క అంకె మాత్రం ఉంచుకోండి. ఇంకోటి, మీరేదీ పెట్టకపోయినా హోస్టింగ్ సర్వర్ తన లాగ్‌లో ఐపీ అడ్రసులు రాసుకుంటూనే ఉంటుంది. వాటిని ఎన్నాళ్లు ఉంచుతారో హోస్టింగ్ సెట్టింగుల్లో చూసి, తగ్గించే వీలుంటే వారానికి తగ్గించండి.

మెట్టు 7: ఫారం పెడుతున్నారా? అడగని వివరం బయటికి పోదు

మా పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనానికి సైటులో ఫారం పెట్టాను. పేరు, ఫోన్, ఊరు, ఉద్యోగం, పిల్లలు, రక్తం గ్రూపు, ఏది తోస్తే అది అడిగాను. జవాబులు పడే షీటు మాత్రం లింకు ఉన్న ఎవరైనా చూసేలా ఉంది, ఆ లింకు గ్రూపులు దాటి గ్రూపులకి పోయింది. రెండు వారాలకి ఒకామె ఫోన్ చేసి, "అన్నా, రాత్రిపూట ఎవరెవరో ఫోన్ చేస్తున్నరు, నా నంబర్ ఏడికెళ్లి పోయింది?" అంది. నా దగ్గర జవాబు ఉంది, చెప్పడానికి నోరు రాలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి: ఈ వివరంతో నేను చేసే పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ గడి ఉండదు. భోజనాల లెక్కకి పేరు, ఎంతమంది వస్తారు, చాలు. షీటు నాకొక్కడికే కనిపిస్తుంది. చెరిపే తేదీ ఫారం మీదే రాస్తాను, ఆ రోజు చెరిపేస్తాను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారానికి అది వర్తించదు. సైటులో ఏదైనా అమ్మడం మొదలుపెట్టారంటే ఆ మినహాయింపు మీద భరోసా పెట్టుకోవద్దు. యాక్సెసిబిలిటీ వైపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది, కేవైసీలో కళ్లు ఆర్పి చూపించలేనివాళ్ల కేసులో.

ఫారం కట్టేటప్పుడు ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. గడి లోపల లేత రంగులో కనిపించే సూచన లేబుల్ కిందికి రాదు, టైపు మొదలెట్టగానే మాయమైపోతుంది. తప్పు చేస్తే గడి ఎర్రగా మార్చి ఊరుకోవద్దు. "ఫోన్ నంబర్‌లో 10 అంకెలు ఉండాలి, 9 ఉన్నాయి" అని మాటల్లో చెప్పండి.

క్యాప్చా జోలికి పోవద్దు. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు గుర్తుపట్టమంటే బావ ఏం గుర్తుపడతాడు? పైగా అది కూడా వేరే కంపెనీ సరుకు, వచ్చినవాళ్ల కదలికలు చూస్తుంది. స్పామ్ ఆపడానికి పాత చిట్కా ఒకటుంది: ఎవరికీ కనబడని ఒక గడి దాచిపెట్టడం. రోబో అన్నీ నింపుకుంటూ పోయి దాన్నీ నింపుతుంది, నింపిన ఫారాన్ని పారేయడమే. ఆ గడి కంటికి మాత్రమే కాకుండా చదివే సాఫ్ట్‌వేర్‌కి కూడా దొరకకుండా దాచాలి, లేకపోతే బావ లాంటివాళ్లు పాపం శ్రద్ధగా నింపేస్తారు.

మెట్టు 8: ఒక్క లైను మంత్రాలు నమ్మొద్దు

ఒక్క లైను కోడ్ అతికిస్తే సైటంతా దివ్యాంగులకి అనువుగా మారిపోతుందని అమ్మే విడ్జెట్లు ఉన్నాయి. మూలన చక్రాల కుర్చీ బొమ్మ కనిపిస్తుంది, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. ఆ పని ఫోనే చేస్తుంది. లేని ఆల్ట్‌ని అది కనిపెట్టి సరిగ్గా రాయలేదు, పైగా ఇంకో కంపెనీ వచ్చి సైటులో కూర్చుంటుంది. ఇలాంటి గొప్పలు చెప్పిన ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

మెట్టు 9: తలుపు గడియ

సైటుకి హెచ్‌టీటీపీఎస్ (దారి మధ్యలో ఎవరూ తొంగిచూడకుండా కాపాడే తాళం) లేకపోతే ఈరోజే పెట్టండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగుల్లో ఒక టిక్కు చాలు. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అనే సెట్టింగులో default-src అనే చోట 'self' అని పెడితే మీ సైటు ఫైళ్లు తప్ప బయటివి ఏవీ లోడ్ కావు. రేపు మళ్లీ సరదా పుట్టి ఏదో విడ్జెట్ అతికించినా అది పనిచేయదు. నాలాంటి బలహీనమైన మనసు ఉన్నవాళ్లకి ఇది మంచి మందు.

చివరగా ఒక పేజీ. నెట్‌లో దొరికే ప్రైవసీ పాలసీ నమూనా ఇంగ్లిష్‌లో ఉన్నది తెచ్చి పెట్టొద్దు, మీరు చేయనివి కూడా అందులో ఉంటాయి. నాది ఇంతే: "ఈ సైటు కుకీలు పెట్టదు. ఎవరు ఏం చదివారో నేను లెక్కపెట్టను. హోస్టింగ్ సర్వర్ ఐపీ అడ్రసులు ఏడు రోజులు ఉంచుకుని చెరిపేస్తుంది. ఫారంలో మీరిచ్చిన పేరు తేదీ దాటాక తీసేస్తాను, అంతకు ముందే తీయమంటే ఈమెయిల్ చేయండి."

అంతా అయ్యాక మళ్లీ బావకి పంపాను. ఛాయా సోమేశ్వరాలయం వ్యాసం చివరిదాకా విన్నాడు, ఆల్ట్ దగ్గర ఆగి ఒకసారి వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. నేను మెచ్చుకుంటాడని చూస్తున్నాను. "అంతా మంచిగనే ఉంది గని, 'ఇక్కడ నొక్కండి' అని పన్నెండు లింకులున్నయి. ఏడ నొక్కాలె, నొక్కితే ఏడికి పోతా?" అన్నాడు. నిజమే. లింకులన్నీ ఒక జాబితాలా వినేవాళ్లకి పన్నెండుసార్లు అదే మాట. ఆరు మార్చాను, ఇంకా ఆరు ఉన్నాయి.